కిటికీ వైపు తిరిగిన డాక్టరు

మీ ఒంట్లో ఉన్న జబ్బు పేరు మీకు తెలుసా? మాత్ర ఏ రంగులో ఉందో, సూది ఏ చేతికి వేశారో నేనడగడం లేదు. జబ్బు పేరు అడుగుతున్నాను. డాక్టరు మీ ముఖంలోకి చూసి, మీకు అర్థమయ్యే మాటల్లో, మీ చెవిన పడేటట్టు చెప్పిన పేరు. తెలిస్తే మంచిదే. తెలియకపోతే, ఎందుకు తెలియదని ఎప్పుడైనా అడిగారా?

నేను జబ్బుల పేర్లు రాసి బతికినవాణ్ణి. పంతొమ్మిది వందల యాభైల చివర్లో కావలిలో టైపు, షార్ట్‌హ్యాండు పరీక్షలు పాసై, గూడూరు ప్రాంతంలో ఒక ఆస్పత్రిలో టైపిస్టుగా చేరాను. దాని పేరు మీకక్కరలేదు. ఆడవాళ్ళకొక వార్డు, మగవాళ్ళకొక వార్డు, ఒక ఎక్స్‌రే గది, అన్నింటికీ కలిపి ఒకే పెద్ద డాక్టరు. పడమటి నుంచి వరి పండించే రైతులు, తూర్పున వాకాడు వైపు నుంచి సముద్రపు ఒడ్డు పల్లెల వాళ్ళు వచ్చేవారు. మా డాక్టరు మద్రాసులో చదివి, అక్కడే కొన్నేళ్ళు పనిచేసి వచ్చినవాడు. ఆ అలవాటు కొద్దీ ప్రతి రోగికీ టైపు కొట్టిన కాగితం ఒకటి ఉండాలని పట్టుబట్టేవాడు. ఆయన మంచాల మధ్య నడుస్తూ ఇంగ్లీషులో చెప్పుకుపోతాడు. నేను వెనకాలే నడుస్తూ పెన్సిలుతో గీతలు గీసుకుంటాను. తర్వాత ఎక్స్‌రే గది పక్కన రేకుల షెడ్డులో కూర్చుని ఆ గీతలను మాటలుగా మార్చి టైపు కొడతాను. అదీ నా ఉద్యోగం.

వినడానికి సులువే. కానీ ఆయన బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. మాట ఆ లవంగాన్ని చుట్టుకుని బయటికొచ్చేది. ఒక మంచం దగ్గర మొదలుపెట్టిన వాక్యం రెండో మంచం దగ్గర పూర్తయ్యేది, మధ్యలో నర్సమ్మను కోప్పడడం కూడా అందులోనే కలిసేది. మొదటి నెలలో నేను కొట్టిన కాగితం ఒకటి చూసి, "ఏమయ్యా, ఈయన పొట్టలో గాజుగుడ్డలు ఎవరు ఉడకబెట్టలేదో గూడా రాసినావే," అని నవ్వాడు. ఆ తిట్టు నర్సమ్మది, నేను దాన్ని రోగికి కట్టబెట్టాను.

పదాల సంగతి మరీ కష్టం. నేను చదివింది చరిత్ర. ఆయన మాట్లాడేది సగం లాటిను, సగం గ్రీకు. వాటిని తోక పట్టుకుని గుర్తించడం నేర్చుకున్నాను. ఐటిస్ అని ముగిస్తే ఎక్కడో వాపు, ఎక్టమీ అని ముగిస్తే దేన్నో కోసి తీసేశారు. కొన్నింటికి తోక కూడా సాయపడదు. ఇలియం అనేది పేగులో ఒకటుంది, తుంటి దగ్గర ఒకటుంది. పలకడానికి రెండూ ఒకటే, రాయడానికి ఒక్క అక్షరం తేడా. రోగి పట్టుకుని మూలుగుతున్నది పొట్టనా నడుమునా అని చూసి రాసుకునేవాణ్ణి. పదాన్ని చెవితో మాత్రమే పట్టుకోలేమని, మనిషిని కూడా చూడాలని ఆ పని నాకు నేర్పింది. ఒక్క విషయంలో మాత్రం గట్టి నియమం పెట్టుకున్నాను. తెలియని చోట ఊహించి రాయను, ఖాళీ వదిలేస్తాను. ఎందుకంటే ఊహను టైపు కొట్టామంటే మర్నాటికల్లా అది నిజమై కూర్చుంటుంది. దాన్ని మళ్ళీ ఎవరూ ప్రశ్నించరు.

లవంగాన్ని జయించాను, లాటినును జయించాను. జయించలేనిది ఇంకొకటి ఉండేది. సరిగ్గా జబ్బు పేరు చెప్పాల్సిన చోట ఆయన గొంతు దిగిపోయేది. దగ్గు ఎన్నాళ్ళ నుంచి, ఆకలి ఎలా ఉంది, నాడి ఎంత, అన్నీ వినపడేవి. పేరు దగ్గరికి వచ్చేసరికి కిటికీ వైపు తిరిగి, బయట గోడకు ఏదో రహస్యం చెబుతున్నట్టు గొణిగేవాడు. కుష్ఠు గురించయితే కిటికీ. క్షయ అయితే తప్పకుండా కిటికీ. నేను షెడ్డులోకి వచ్చాక మళ్ళీ ఆయన గది ముందు నిలబడి ఒక్కొక్క పేరూ అడిగి రాసుకునేవాణ్ణి. అప్పుడూ తలుపు దగ్గరగా వేయించి చెప్పేవాడు.

వార్డులో వాళ్ళేమీ అమాయకులు కారు. ఇంగ్లీషు రాకపోయినా కిటికీ వాళ్ళకు బాగా అర్థమైంది. డాక్టరు అటు దాటగానే మంచం నుంచి మంచానికి మాట పరిగెత్తేది.

"యాడికి తిరిగినాడే?"

"కిటికీకేనంట."

"అయ్యో, బంగారంటి మనిషి."

అంతే, తీర్పు అయిపోయినట్టే. క్షయకు మా వార్డులో 'కిటికీ జబ్బు' అని పేరు పడింది. ఆ పేరు రోగులందరికీ తెలుసు, వంటమనిషికి తెలుసు, ఊడ్చేవాడికి తెలుసు. తెలియనిది డాక్టరుకొక్కడికే.

నాకు ఒళ్ళు మండేది. కావలిలో చదివే రోజుల్లో నేను వాదాలకు పెట్టింది పేరు. వితంతువు బొట్టు పెట్టుకోవచ్చా, గ్రహణం వేళ గర్భిణి కూరగాయలు తరగొచ్చా అని గ్రంథాలయం అరుగు మీద గొంతు చించుకున్నవాణ్ణి. శత్రువంటే పంచాంగం పట్టుకున్నవాడని, తాయెత్తు కట్టేవాడని అనుకునేవాణ్ణి. స్టెతస్కోపు మెడలో వేసుకున్న మనిషి కూడా, మంచి మనసుతోనే, ఒక కొత్త మూఢనమ్మకానికి అంటు కట్టగలడని నాకు ఎవరూ చెప్పలేదు. పంచాంగమైనా మాటల్లో ఏదో ఒకటి చెబుతుంది. ఇక్కడ ఒక మనిషి భుజం ఎటు తిరిగిందో చూసి కుటుంబాలు జీవితాలు తేల్చుకుంటున్నాయి.

ఆ ఏడాది ఎండలు ముదురుతున్న రోజుల్లో వాకాడు వైపు పల్లె నుంచి ఒక అమ్మాయిని తెచ్చారు. చేపలు పట్టే ఇంటి కోడలు. చంటిబిడ్డ తల్లి. బిడ్డను ఆడబిడ్డ దగ్గర వదిలి అత్త వెంట వచ్చింది. తెల్లవారుజామున మొదలయ్యే దగ్గు, ఆయాసం, రోజురోజుకూ చిక్కిపోవడం. భర్త పడవ మీద ఉన్నాడు, కబురు ఇంకా అందలేదు. దగ్గేవాళ్ళను మా వార్డులో ఒక మూలకు వేసేవారు. ఆమెకూ అక్కడే మంచం ఇచ్చారు. పక్క మంచం మీద చాలా రోజులుగా ఒక రైతు భార్య ఉంది. నలభై దాటిన మనిషి, నోరు పెద్దది. వార్డులో ఎవరికి ఏ కూర వండారన్న దగ్గర నుంచి ఎవరి మొగుడు రాలేదన్న దాకా ఆమెకు తెలియందంటూ లేదు. కిటికీ జబ్బన్న పేరు కూడా ఆమె పెట్టిందేనని నా అనుమానం.

రక్తం తీశారు, ఎక్స్‌రే తీశారు. మర్నాడు పొద్దున డాక్టరు ఆ మూలకు వచ్చాడు. కరెంటు లేదు. ఫిల్ము అందుకుని ఆయన కిటికీ వైపు తిరిగాడు. ఫిల్మును రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని, దాని వెనక నుంచి ఏదో పొడుగాటి మాట చెప్పాడు. రోడ్డు మీద అప్పుడే బస్సు ఒకటి బరబరలాడుతూ పోయింది. నా పెన్సిలు ఒక గీత గీసి ఆగిపోయింది. తర్వాత ఇటు తిరిగి మామూలు గొంతుతో మాత్రలు చెప్పాడు, కొన్ని వారాలు పోయాక రక్తం మళ్ళీ చూడాలన్నాడు, అక్కణ్ణించి వెళ్ళిపోయాడు.

వెళ్ళిపోతూ నేను వెనక్కి చూశాను. అత్త ముఖం రాయిలా ఉంది. ఆ అమ్మాయి మాత్రం ఇంకా కిటికీ వైపే చూస్తోంది.

మధ్యాహ్నం షెడ్డులో ఆమె కాగితం టైపు మిషన్లో పెట్టాను. అన్నీ కొట్టాను, పేరు దగ్గర ఖాళీ. ఆ ఖాళీని చూస్తూ ఆలోచించాను. క్షయ రోగులకు ఈయన ఎప్పుడూ మొదట సూదులు చెబుతాడు. ఈమెకు సూది మాటే లేదు. చెప్పిన మాత్రల పేరు కూడా ఆ రోగుల కాగితాల్లో నేనెప్పుడూ కొట్టింది కాదు. మనసులో ఒక ఆశ లేచింది. కానీ ఆశను టైపు కొట్టకూడదు గదా. రేపు అడుగుదాంలే అనుకుంటుండగా షెడ్డు గుమ్మంలో అత్త నిలబడింది. చేతిలో మూట, ఇంకో చేతిలో కొత్త సత్తు గ్లాసు.

"అబ్బయ్యా, మా పిల్ల పేరు కొట్టేయించు. మేం పోతాండాం."

"ఎక్కడికమ్మా?"

"వాళ్ళమ్మోళ్ళ ఊరికి. పులికాటు ఒడ్డున. సాయంత్రం బస్సుకి."

"ఇంకా మందే మొదలుపెట్టలేదు గదా?"

"మందేంది నాయనా, పొద్దున నువ్వు గూడా ఉండావు గదా ఆడ. కిటికీకి తిరిగినాడు. సానాసేపు తిరిగినాడు."

"బిడ్డ?"

ఆమె గ్లాసు వైపు చూసుకుంది. "బిడ్డ మా కాడుంటాడు. మేకపాలు పోస్తాం."

నేను ఆమె వెంట వార్డులోకి వెళ్ళాను. అమ్మాయి మంచం మీద మూటలా కూర్చుని ఉంది. పక్కన ఆస్పత్రి గ్లాసులో సగం తాగి వదిలిన నీళ్ళు. అత్త తెచ్చిన కొత్త గ్లాసు మంచం కాళ్ళ వైపు పెట్టింది. ఇంట్లో అందరి గ్లాసులతో కలవకుండా ఒక గ్లాసు, ఒక పళ్ళెం వేరుగా పెట్టడమంటే ఏమిటో మా వైపు ఎవరికీ విడమరిచి చెప్పనక్కర లేదు.

"ఆ గ్లాసు నాకేనా అత్తా?" అంది అమ్మాయి.

అత్త మూట బిగిస్తూ ఉండిపోయింది.

"బిడ్డని ఒక్కసారి చూసిపోతా అత్తా. దూరం నుంచే చూస్తా."

"చూస్తే వదల్లేవు. ఒద్దు."

పక్క మంచం రైతు భార్య కల్పించుకుంది. "ఏమ్మే, ఆ పిల్లకి పాలు పడతాండాయి, రైకంతా తడిసిపోయింది. ఒక్క రోజు ఆగలేవా నువ్వు?"

"నువ్వు నోరు మూసుకో అక్కా. నీకేం తెలుసు నా కడుపుమంట."

నేను అప్పటికే గుమ్మం దాటాను. ఆస్పత్రి వెనకే డాక్టరు ఇల్లు. భోంచేసి ఆయన పడుకునే సమయమది. ఆ నిద్రను ప్రసవం కేసు వచ్చినా నర్సమ్మ చెదరగొట్టేది కాదు, వీలైనంత వరకు తానే చూసుకునేది. ఇక నాలాంటి టైపిస్టు తలుపు తట్టడమన్నది ఎన్నడూ లేదు. తట్టాను.

"ఎవరయ్యా అది?"

"నేను సార్, టైపిస్టుని."

"ఎవరన్నా చచ్చిపోతాండారా?"

"లేదు సార్. ఒక మాట అర్థం కాలేదు."

"మాటా?" అన్నాడు, తిట్టాలా నవ్వాలా తేల్చుకోలేని గొంతుతో.

"మూల మంచం సార్, సముద్రం వైపు అమ్మాయి. జబ్బు పేరు దగ్గర ఖాళీ పెట్టినాను."

"రేపు అడగొచ్చు గదా!"

"రేపటికి ఆ అమ్మాయి ఇక్కడ ఉండదు సార్."

తలుపు తెరుచుకుంది. లుంగీ, బనియను, భుజాన తువ్వాలు. కోటు లేకుండా ఆయన్ను అంత దగ్గరగా నేను అప్పుడే చూశాను. నోట్లో లవంగం కూడా లేదు.

"ట్రాపికల్ ఈసినోఫీలియా," అన్నాడు. ఒక్కొక్క అక్షరం గంట కొట్టినట్టు వినిపించింది. "రక్తంలో ఒక రకం తెల్లకణాలు లెక్కకు మించి పెరుగుతాయి. మన ఈ తీరం అంతా ఉండాదది. ఆ మాత్రలు మింగితే తగ్గిపోతుంది. రాసుకో, పో."

"క్షయ కాదా సార్?"

"క్షయని నేనెప్పుడన్నాను?"

"అనలేదు సార్. కిటికీ వైపు తిరిగినారు."

"కరెంటు లేదయ్యా! ఫిల్ము వెలుతురికి పట్టుకోక పరుపు కింద పెట్టి చూడమంటావా?"

ఆయన గుమ్మం మెట్టు మీదే కూర్చుండిపోయాను. పెద్దాయన ముందు కూర్చున్నానన్న స్పృహ కూడా లేదు. అప్పుడు మొత్తం చెప్పాను. కిటికీ సంగతి, ఆ జబ్బుకు వార్డు పెట్టిన పేరు, సత్తు గ్లాసు, మేకపాలు, సాయంత్రం బస్సు. వింటూ ఉండగా ఆయన ముఖంలో కోపం పోయి, ఏదో తగిలినట్టయింది.

"కిటికీ జబ్బా," అన్నాడు. "అందరికీ తెలుసా ఈ మాట?"

"మీకు తప్ప అందరికీ సార్."

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఉద్యోగం మొదట్లో ఒకసారి, వేరే ఊళ్ళో, ఒక ఇల్లాలి మంచం పక్కనే నిలబడి ఆ పేరు గట్టిగా చెప్పాడట. భర్త అక్కణ్ణించే బస్సు ఎక్కి పోయాడు, మళ్ళీ రాలేదు. ఆమెను చివరికి ఎవరూ తీసుకుపోలేదు. "ఆ రోజు నుంచి నోరు రాదయ్యా నాకు," అన్నాడు. "వాళ్ళని కాపాడతాండాననుకున్నా."

వాదించడానికి నా దగ్గర మాటలు లేక కాదు. కావలి అరుగు మీదయితే చీల్చి చెండాడేవాణ్ణి. అప్పుడు మాత్రం, "బస్సు టైమవుతుంది సార్," అన్నాను.

అలాగే లుంగీతో, బనియనుతో వార్డులోకి నడిచాడు. నర్సమ్మ నోరు తెరుచుకుని నిలబడిపోయింది. మంచాల మీద వాళ్ళు లేచి కూర్చున్నారు. ఆయన నేరుగా మూలకు పోయి, కిటికీకి వీపు పెట్టి, అత్తకు ఎదురుగా నిలబడ్డాడు.

"యాడికి తీసకపోతాండావు ఈ పిల్లని?"

"మా వియ్యపరాలింటికి సారూ."

"ఈ పిల్లకి క్షయ లేదు."

ఆ మాట ఆ వార్డులో ఆయన నోట తెలుగులో వినపడడం అదే మొదలు. ఎవరో దూరంగా దగ్గబోయి ఆపుకున్నారు. అమ్మాయి తలెత్తింది. నేనేమనుకున్నానంటే, ఇక అయిపోయింది, మూట విప్పుతుంది అనుకున్నాను. నా తెలివి అంతే. అత్త రెండు చేతులూ జోడించింది.

"నీ మనసు మంచిది డాక్టరయ్యా. మా పెద్దోడికి గూడా ఇట్నే చెప్పినారు. ఏం లేదు, బలహీనత, గుడ్లు పెట్టు, పాలు పొయ్యి అన్నారు. పెట్టినా. పోసినా. అందరం ఒక పళ్ళెంలోనే తిన్నాం. వాడు పొయినాక కాంపౌండరు చెప్పినాడు అదేం జబ్బో. వాడి ఎనకమాల్నే మా చిన్నది గూడా పోయింది. మీరు మంచోళ్ళు. మంచోళ్ళు నిజం చెప్పరు. నన్ను పోనీ."

డాక్టరు ఫిల్ము తెప్పించాడు. రక్తం లెక్క చెప్పాడు. "నాకేం తెలుసు నాయనా ఆ నల్లకాయితం," అంది ఆమె. ఆయన ఎంత గట్టిగా లేదంటే ఆమెకు అంత గట్టిగా ఉన్నట్టు తోస్తోంది. అక్కడ నాకు తెలిసొచ్చింది. చల్లని అబద్ధాలు చెప్పీ చెప్పీ డాక్టర్ల జాతి మొత్తం పరపతి పోగొట్టుకుంది. ఈ రోజు చేతిలో నిజం ఉన్నా దాన్ని నమ్మేవాళ్ళు లేరు.

అప్పుడు పక్క మంచం మీద నుంచి రైతు భార్య అడిగింది.

"డాక్టరు గారా, ఆ పిల్ల సంగతి సరే. మరి నాది?"

ఆయన ఆమె వైపు తిరిగాడు. "నీకు మళ్ళా చెప్తానమ్మా. గదిలోకి రా."

"గదిలోకి పిలిస్తే తెలిసిపోయినట్టే గదా. ఈడనే చెప్పు. నాకు తిరిగినావు గదా కిటికీకి. అందరికీ తెలుసు, నా మొగుడికి తెలుసు, ఊడ్చేవాడికి తెలుసు. నా ఒళ్ళు గురించి నాకొక్కదానికే చెప్పకపోతివి."

ఆయన ముక్కాలిపీట లాక్కుని ఆమె మంచం పక్కన కూర్చున్నాడు. కిటికీ వెనక ఉంది, ఆయన తిరగలేదు.

"అవునమ్మా. నీకు క్షయ."

ఆమె కళ్ళు ఆర్పకుండా చూసింది. "నయమవతాదా?"

"అవుతుంది. ఇప్పుడు మందుండాది. సూదులు, మాత్రలు మానకుండా చాలా నెలలు వాడాల. ఒళ్ళు తేరినట్టున్నా మానకూడదు."

"ఈ సూదులు బలానికన్నావే?"

"అన్నాను."

"అన్నావు గదా! బలం వచ్చింది, ఇంకెందుకు సూదులని శుక్రవారం బండి తెమ్మన్నా మా ఆయన్ని. ఇంటికి పోదామని మూట గూడా కట్టుకుని ఉండా." మంచం కింద నుంచి మూట లాగి చూపించింది. ఆమె ఊరుకోలేదు. "ఇంకోటి చెప్పు. దగ్గితే అంటుకుంటాదా ఇది?"

"అంటుకుంటుంది."

"మరి ముందే చెప్పింటే కొంగు అడ్డం పెట్టుకోనే దగ్గేదాన్ని గదయ్యా! ఈ పసిదాన్ని తెచ్చి నా పక్కనే పండేసినారు. దానికి లేని జబ్బు నేనిచ్చేదాన్ని." కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒకసారి గట్టిగా దగ్గింది, చాలా రోజులుగా దాచుకున్నది దించుకున్నట్టు. తర్వాత, నేను ఎన్నటికీ మర్చిపోని విధంగా, నవ్వింది. "అమ్మయ్య. ఇన్నాళ్ళు ఏమనుకున్నానో తెలుసా? దీనికి మందు లేదు, అందుకే చెప్పడంలా అనుకున్నా. నా గాజులు ఏ కూతురికి ఎన్నో గూడా పంచేసినా. ఇంకెవురికీ ఇయ్యను పో."

నర్సమ్మ ఫక్కున నవ్వింది. వార్డు వార్డంతా నవ్వింది. అత్త మాత్రం నవ్వలేదు. రైతు భార్యను, డాక్టరును మార్చి మార్చి చూస్తోంది.

"ఈమెకి ఉండాదని మొహాన్నే చెప్పినాడే," అంది, తనలో తాను లెక్క వేసుకుంటున్నట్టు. "ఉండాదానికి ఉండాదన్నాడు." డాక్టరు వైపు తిరిగి, "అయితే మా పిల్లకి లేదంటే... లేనట్టే గదా సారూ?"

"లేనట్టే."

ఆమె మూట కింద పెట్టింది. కోడలు సగం తాగి వదిలిన నీళ్ళు ఆ సత్తు గ్లాసులోకి వంపి, అందరూ చూస్తుండగా గటగటా తాగేసింది. ఆ ఇంటి భాషలో అంతకు మించిన క్షమాపణ లేదు, అంతకు మించిన నమ్మకం లేదు. కోడలు అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు ఒక్కసారిగా తెంచుకుంది.

"ఏడస్తావేందే? ఏడిస్తే పాలు ఎండిపోతాయి. పొద్దునకల్లా బిడ్డని తెప్పిస్తా, ఊరుకో." గ్లాసు తిప్పి చూసుకుంది. "కొత్తది, ఊరికే పోనీబోకు. మీ మామకి పెడదాం. కల్లు కంపుతో వచ్చే ఆయనకే ముందు వేరే పెట్టాల్సింది."

నేను షెడ్డులోకి వచ్చి, మిషన్లో ఇంకా అలాగే ఉన్న కాగితం మీద ఖాళీ పూరించాను. ఈసినోఫీలియా. ఎన్ని పదాలు కొట్టానో ఆ ఉద్యోగంలో, ఒక్క పదం కొడుతూ వేళ్ళకు ఇంత హాయి కలగడం మళ్ళీ ఎరగను.

మాత్రలు పనిచేశాయి. కొన్ని వారాలకు ఆ అమ్మాయి రక్తం చూపించుకోవడానికి వచ్చింది. బిడ్డ చంకలో, దగ్గు లేదు, ఒళ్ళు కొంచెం చేసింది. అత్త నాకు ఒక గుడ్డలో ఎండు రొయ్యలు కట్టి తెచ్చింది, షెడ్డంతా రెండు రోజులు అదే వాసన. రైతు భార్య బండి వెనక్కి పంపేసి, వరండా చివర గాలి తగిలే చోటికి తనే మంచం మార్పించుకుంది. నర్సమ్మ సూది ఒక పూట ఆలస్యం చేస్తే కేకలేసి పిలిచేది. నెలల తరబడి వాడి, తన కాళ్ళ మీద నడిచి ఇంటికి పోయింది. గాజులన్నీ చేతికే ఉన్నాయి.

డాక్టరు మారాడు. ఆ తర్వాత నుంచి ముందు రోగికి తెలుగులో పేరు చెప్పడం, తర్వాత నాకు ఇంగ్లీషులో చెప్పడం. మంచం చుట్టూ బంధువులుంటే, వీళ్ళ ముందు చెప్పనా, బయటికి పొమ్మననా అని రోగినే అడిగేవాడు. అందరూ సంతోషించారని నేను చెప్పను. ఏడ్చినవాళ్ళున్నారు. ఒకాయన ఆ సాయంత్రమే ఇంటికి పోయాడు, ఆయన్ను తిరిగి తేవడానికి డాక్టరే స్వయంగా వెళ్ళాల్సి వచ్చింది. కానీ సూదులు మధ్యలో మానేసి పోయేవాళ్ళు తగ్గారు, చెవులు కొరుక్కోవడం తగ్గింది. కిటికీ మళ్ళీ కిటికీ అయింది. వెలుతురు, గాలి వచ్చేది. నా కాగితాల్లో ఖాళీలు పోయాయి. లవంగం మాత్రం ఆయన వదల్లేదు, నేనూ అడగలేదు.

ఇదంతా పాత కాలం కథని కొట్టిపారేయకండి. ఇప్పటికీ మన ఇళ్ళలో ఏం జరుగుతోంది? డాక్టరును పక్కకు పిలిచి, "ఆయనకు చెప్పొద్దండీ, తట్టుకోలేడు," అనేది ఎవరు? మనమే. చదువుకున్నవాళ్ళమే. తట్టుకోలేడని ఎవరు తేల్చారు? ఆ మనిషిని అడిగామా? పేరు చెప్పని జబ్బుకు మనిషి తనే ఒక పేరు పెట్టుకుంటాడు. అది ఎప్పుడూ అసలు దానికంటే భయంకరంగానే ఉంటుంది. దాచిపెట్టడానికి దయ అని పేరు పెట్టుకుని మనం కాపాడుకునేది మన పిరికితనాన్నే.

కాబట్టి ఇది చదవడం ఇక్కడ ఆపండి. మీ ఇంట్లో రోజూ మందు మింగుతున్న మనిషి దగ్గరికి పోయి, నీ జబ్బు పేరేమిటని అడగండి. తెలియదంటే రేపు పొద్దున ఆ మనిషిని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి పోండి. డాక్టరు ఆ మనిషి ముఖంలోకి చూసి, తెలుగులో, గట్టిగా ఆ పేరు చెప్పేదాకా ఆ కుర్చీలోంచి లేవకండి.